ఫ్లై రాడ్డుతో ఎంత దూరం పడిందని కాదు, ఎక్కడ పడిందో చూస్కోండి

ఫ్లై రాడ్డు, అంటే ఈకలతోటి కట్టిన ఉత్త ఎరను (ఫ్లైని) విసిరే గాలం కర్ర, కొత్తగా కొన్నోళ్ళు ముందుగాల అడిగేది ఒక్కటే, అన్నా లైను ఎంత దూరం పోతది అని. వీడియోలల్ల వంద అడుగులు విసిరేటోళ్ళను చూసి గట్లనే రావాలె అనుకుంటరు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, మన దిక్కు ఏ చెరువుకు పోయినా ఫ్లైకి చేప దొరికేది ఎక్కువగా 25 నుంచి 40 అడుగుల లోపట్నే, కాబట్టి ముందు ఆ 40 అడుగులల్ల తట్టంత జాగల ఫ్లై వేసుడు నేర్చుకోండి, దూరం ఆ తర్వాత.

ఎందుకంటే మనకు ఫ్లైకి మంచిగ లేచే చేప కొర్రమీను. అది చెరువు నడిమిట్ల ఉండదు, తుంగల, గుర్రపుడెక్క అంచుకు, తామరాకుల సందుల ఉంటది, ఇంకోటి అది గాలి పీల్చే చేప, కొంచెంసేపటికోసారి పైకి వచ్చి బుడగ వదిలి పోతది. ఆ బుడగ లేసిన కాడ గుండ్రంగ నీళ్ళు కదులుతయి చూడండి, మీకు గురి అదే. అయితే ఫ్లై సక్కగ దాని నెత్తి మీద పడితే బెదిరి లోపటికి పోతది, బుడగ దాటి రెండు మూడు అడుగులు అవతల వేసి దాని ముందల నుంచి గుంజుకరావాలె. ఆకుల నడుమ ఖాళీ జాగ రెండు మూడు అడుగులే ఉంటది, అక్కడ ఒక జానెడు అటు ఇటు అయినా హుక్కు కాడకు తగులుకుంటది, దాన్ని విడిపించుకునే లోపల చేప ఎటో పోతది. ఎనభై అడుగులు విసరగలిగినోడు అక్కడ ఏం చేస్తడు చెప్పండి.

వానకాలంల ఇంకో సంగతి చూస్కోవాలె, నీళ్ళ మీద ఎర్రగ చిన్న పిల్లల గుంపు కదులుతా ఉంటే దాని కింద తల్లి తండ్రి కొర్రమీన్లు కాపలా ఉంటయి. ఏది వేసినా కోపంతోటి కొడతయి కాబట్టి పట్టుడు మస్తు అల్కగ ఉంటది, కానీ వాటిని తీస్తే ఆ పిల్లలను వేరే చేపలు, కొంగలు గంటల మీద తినేస్తయి. వాటి జోలికి పోకండి.

ఇగ సామాను సంగతి. మామూలు గాలంల సీసం గుండు బరువుకు దారం పోతది, ఇక్కడ ఈకలతోటి ఫోముతోటి కట్టిన ఫ్లైకి బరువే ఉండదు, లైనుకే బరువు ఉంటది, అదే ఫ్లైని మోసుకపోతది. 5 నంబరు, 8 నంబరు అని రాసేది లైను ముందు 30 అడుగుల బరువును బట్టి, 5 నంబరుది 140 గ్రేన్లు అంటే దగ్గర దగ్గర 9 గ్రాములు, 8 నంబరుది 210 గ్రేన్లు, అంటే పదమూడున్నర గ్రాముల పైన. కొర్రమీనుకు 8 నంబరు 9 అడుగుల రాడ్డు, జిలేబి చేపలకు 5 నంబరు చాలు. ఇక్కడ చాలామందికి అర్థం కాని ముచ్చట ఒకటి ఉంది, మీరు దగ్గర్ల వేసేటప్పుడు రాడ్డు కొస బయట 20 అడుగుల లైనే ఉంటది, అంటే నంబరుకు రాసిన బరువు మొత్తం బయట లేదు, అందుకే రాడ్డు వంగదు, చేతికి ఏం తెలవదు, దాంతోటి జోరుగ ఊపుతరు, గురి తప్పుతది. దీనికి మందు ఒక నంబరు ఎక్కువ లైను ఎక్కించుడు, లేకపోతే ముందు భాగం పొట్టిగ బరువుగ ఉండే లైను తీసుకునుడు. లీడరు (లైను కొసకు, ఫ్లైకి నడుమ కట్టే సన్న దారం) కూడా చెరువుల 9 అడుగులు అక్కరలేదు, ఆరేడు అడుగులది, కొసకు 20 పౌండ్ల దారం పెట్టండి, పొట్టి లీడరుతోటి పెద్ద ఫ్లై సక్కగ పడతది.

నల్ల పర్మనెంట్ మార్కర్ తీసుకోని లైనుకు కొస నుంచి 20, 30, 40 అడుగుల కాడ గీతలు పెట్టుకోండి. చేతికి ఆ గీత రాంగనే బయట ఎంత ఉందో చూడకుండనే తెలుస్తది.

ప్రాక్టీసుకు చెరువే కావాలని లేదు, కోత అయిపోయిన మడి, బడి గ్రౌండు, గడ్డి ఉన్న జాగ ఏదైనా సరే, సీసీ రోడ్డు మీద, బండల మీద మాత్రం వద్దు, లైను పైపొర గీసుకపోతది. హుక్కు కోసేసి దాని జాగల ఎర్ర ఊలు ముక్క కట్టండి. పాత సైకిలు టైర్లు మూడు తెచ్చి 20, 30, 40 అడుగుల కాడ వేయండి, ఒకే లైనుల కాదు, ఒకటి ఎడమకు ఒకటి కుడికి. నిలబడుడు ఎట్ల అంటే గురికి విసిరేటప్పుడు రాడ్డు పట్టిన దిక్కు కాలు ముందుకు, బొటనేలు పిడి మీద సక్కగ, రాడ్డు నిలువుగ కండ్లకు టైరుకు నడుమ నడవాలె. దూరం విసిరేటప్పుడు అదే కాలు ఎనుకకు పెడతరు, ఎనుక లైను చూసుకోవచ్చు, చెయ్యి ఎక్కువ దూరం జరుపుకోవచ్చు, కానీ రాడ్డు పక్కకు వాలుతది, దాంతోటి గురి కుడికో ఎడమకో పోతది.

ఊపుడు సంగతి జర నిమ్మలంగ చూడండి, మొత్తం కథ ఇక్కడనే ఉంది. రాడ్డు కొస గాలిల సక్క గీత మీద పోవాలె, మెల్లగ మొదలుపెట్టి జోరు పెంచుకుంట పోయి టక్కున ఆపాలె, ఎనుకకు గడియారంల ఒంటిగంట కాడ, ముందుకు పది కాడ. ఆపినప్పుడే లైనుకు లూపు, అంటే గాలిల మడత లెక్క వంపు, పడతది. ఎనుకకు ఆపినంక లైను మొత్తం సాగేదాక ఆగాలె, 20 అడుగులకు కొంచెం, 40కి ఇంకా ఎక్కువ. ఆగకుండ ముందుకు కొడితే చర్నాకోల లెక్క చప్పుడు వస్తది, ఆ చప్పుడు వినబడ్డదంటే ఫ్లై తెగిపోయిందో లేదో చూస్కోండి. మొదట్నే ఒక్కసారిగ బలం పెడితే రాడ్డు కొస కిందికి దిగి లైను లైనునే దాటుతది, లీడరుకు చిన్న ముడి పడతది, ఆ ముడి కాడ దారం బలం బాగ తగ్గిపోతది, పెద్ద చేప గుంజితే అక్కడనే తెగుతది. మధ్య మధ్యల లీడరును వేళ్ళతోటి తడిమి చూస్కోండి.

గాలిల ఊపుకుంట ఊలు ముక్కను టైరు మీద ఒక మూర ఎత్తుల తేలించండి, అక్కడ లైను పొడుగు సరిపోయిందా తెలుస్తది, సరిపోయిందంటే ఇంకో ఊపు వద్దు, వదిలేయండి. చెరువు కాడ రెండు ఊపుల కన్నా ఎక్కువ ఊపకండి, సాయంత్రం ఎండల లైను నీడ నీళ్ళ మీద పోతే కొర్రమీను మాయమైతది. ఫ్లై పడంగనే రాడ్డు కొస నీళ్ళ దగ్గరికి దించి లైను బిర్రుగ పెట్టండి, కొట్టేది తరచుగ ఆ మొదటి రెండు మూడు గుంజుళ్ళలనే.

మన చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ఉంటది, ఎనుకకు విసరనియ్యదు. అక్కడ రోల్ కాస్ట్ ఒక్కటే దారి, లైనును నీళ్ళ మీద మెల్లగ గుంజుకరండి, రాడ్డు చెవు పక్కకు వచ్చేసరికి భుజం ఎనుక లైను వంపు వేలాడుతది, ఒక్క క్షణం ఆగి ముందుకు కొట్టి టక్కున ఆపండి. దీన్ని గడ్డి మీద నేర్చుకునుడు కష్టం, లైనును నీళ్ళు పట్టుకుంటేనే వస్తది. 35 అడుగులు దీంతోటి హాయిగ పోతది.

జూన్ నుంచి ఆగస్టు దాక పడమటి గాలి మస్తు కొడతది. గాలి ఎదురుగ ఉంటే ఎనుక లైను ఎత్తుగ, ముందు లైను కిందికి, లూపు సన్నగ. రాడ్డు చెయ్యి దిక్కు నుంచి గాలి వస్తే ఫ్లై మీ చెవుకే తగులుతది, అప్పుడు గాలికి మొకం తిప్పకుండ చెరువుకు వీపు పెట్టి ఎనుక విసురుడుతోటే ఫ్లై వదలండి. టోపీ, కండ్లద్దాలు లేకుండ అసలు పోవద్దు.

దూరం అక్కరలేదని నేను అంటలేను. నాగార్జునసాగర్ వెనుక జలాలు, డిండి, కోయిల్‌సాగర్ లాంటి కాడ చెట్లు లేని ఒడ్డు, పల్లపు నీళ్ళు, చేపలు 60 అడుగుల అవతల పరిగెల గుంపును తరుముతా ఉంటయి, అక్కడ దూరం పోకపోతే ఉత్త చేతులే. అసలు గురి దూరం రెండూ ఒకే ఊపుడు నుంచి వస్తయి. అమెరికాల జోన్ వుల్ఫ్ అనే ఆమె చూడండి, 1943ల ఆడవాళ్ళ డ్రై ఫ్లై గురి పోటీ గెలిచింది, 1951ల మగవాళ్ళతోటి దూరం పోటీ గెలిచింది, 1960ల 161 అడుగులు విసిరింది. 40 అడుగుల టైరుల పదిట్ల ఏడు సార్లు పడుతున్నయంటే ఇగ మీరు కూడా దూరం మొదలుపెట్టొచ్చు.

దూరానికి డబుల్ హాల్ నేర్చుకోవాలె. రాడ్డు జోరందుకునేటప్పుడు రెండో చేత్తోటి లైనును కిందికి గుంజి, రాడ్డు ఆపంగనే ఆ చెయ్యిని మళ్ళ రాడ్డు దగ్గరికి పోనియ్యాలె, ఎనుకకు ఒకసారి ముందుకు ఒకసారి. చాలామంది గుంజుతరు కానీ చెయ్యి తిరిగి పోనియ్యరు, లైను రాడ్డుకు కొట్టుకోని ఒదులైతది. ముందుగాల రాడ్డును పక్కకు పట్టుకోని గడ్డి మీద ఒక్క ఎనుక విసురుడే చేసి లైను పడనిచ్చి, ఆగి, మళ్ళ ముందుకు ఒక్కటే చెయ్యండి, చేతులకు అలవాటు అయినంక కలపండి. లైను వదిలేది రాడ్డు ఆగినంకనే, అంతకు ముందు వదిలితే బలం మొత్తం పోతది. కింద కుప్ప వేసిన లైనుకు పల్లేరుకాయలు కుచ్చుకుంటయి, చిన్న ప్లాస్టిక్ టబ్బును బెల్టుతోటి నడుముకు కట్టుకోని అందుల వేసుకోండి.

దూరంల కొట్టిన చేపకు రాడ్డు పైకి లేపితే హుక్కు ఎక్కదు, లైను సాగుతది, కొర్రమీను నోరు గట్టిది. రాడ్డు చేప దిక్కే పెట్టి ఎడమ చేత్తోటి లైనును బలంగ గుంజండి, బరువు తగిలినంకనే రాడ్డు లేపండి. కృష్ణల మొసళ్ళు ఉంటయి, సాగర్ల గానీ జూరాల కాడ గానీ నీళ్ళల్ల దిగి విసరకండి, ఒడ్డు నుంచే. అమ్రాబాద్ పులుల అడవి దిక్కు ఒడ్డుకు అసలు పోకండి. ఊరి చెరువైతే మత్స్య సహకార సంఘం వాళ్ళను అడిగి పోండి, చేప పిల్లలను పెంచేది వాళ్ళు, వలలు ఎక్కడ కట్టిండ్రో కూడా వాళ్ళే చెప్తరు.