రాత్రి ఏం తినలా, పొద్దున షుగర్ 168 ఎట్టా వచ్చింది?

కావలిలో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. పొద్దున ఆరున్నరకే బెంచీలు నిండిపోతాయి. రిపోర్టులు చేతికి అందడం మొదలయ్యాక, రోజుకు ఇద్దరు ముగ్గురైనా కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చి ఒకటే మాట అడుగుతారు: "రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్నా. మళ్లీ ఏం తినలా. 168 ఎట్టా వచ్చింది అబ్బయ్యా? మిషన్ ఒకసారి చూడు."

మిషన్‌లో తేడా ఏం లేదు. ఆ షుగర్ లివర్ పంపింది. రక్తంలోకి గ్లూకోజ్ వచ్చే దార్లు రెండు. ఒకటి కంచం, రెండోది లివర్. అంకె ఏ గంటకు పెరిగిందో, ఏ గంటకు పడిందో చూసుకుంటే ఏ దారిలో తేడా వచ్చిందో చాలావరకు దొరికిపోతుంది. అందుకే ఇక్కడ గంటను బట్టే రాస్తున్నా. మాత్ర మార్చడం, మోతాదు పెంచడం తగ్గించడం డాక్టర్ గారి పని. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో తెలియడానికి ఇది.

అంకె మీదే అనుమానంగా ఉంటే

పోయిన మామిడికాయల సీజన్‌లో ఒకాయన ఆటోలో పరుగున వచ్చాడు. ఇంట్లో మీటర్ 312 చూపించిందట. భార్య ముఖం వాడిపోయి ఉంది. నేను రక్తం తీసి చూస్తే 148. చెయ్యి పట్టుకోగానే నాకు సంగతి తెలిసింది, వేళ్లు ఇంకా బంగినపల్లి వాసన కొడుతున్నాయి. పండు కోసి పిల్లలకు పెట్టి, తువ్వాలుకు తుడుచుకుని, అదే వేలికి సూది గుచ్చుకున్నాడు. మీటర్ తీసుకునేది ఆవగింజంత రక్తం. అందులో పండురసం తడి రవ్వంత కలిసినా అంకె ఎగిరిపోతుంది.

సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్లు దొరకని చోట మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టండి. స్పిరిట్ రాస్తే అది ఆరేదాకా ఆగండి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమ పట్టి పాడవుతాయి, తేదీ కూడా చూసుకోండి. ఇంటి మీటర్‌కూ ల్యాబ్‌కూ నూటికి పదిహేను వరకు తేడా ఉండటం మామూలే. 140కీ 155కీ మధ్య గొడవ పెట్టుకోకండి.

ఇంకోటి, పరగడుపు నిజంగా పరగడుపేనా? మా మామ కొండపి వైపు పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చే రోజుల్లో రాత్రంతా మంట చూసుకుంటూ అక్కడే కూర్చుంటాడు. అట్నుంచి అటే టెస్టుకు వచ్చాడు. ఫాస్టింగ్ 190. "ఏమన్నా తిన్నావా మామా?" అంటే "లేదురా, రాత్రి ఎనిమిదికి తిన్నదే" అన్నాడు. ఫ్లాస్కు సంచిలోంచి తొంగి చూస్తా ఉంది. నాలుగింటికి ఒక గ్లాసు, అయిదున్నరకు ఒక గ్లాసు, రెంటిలోనూ చక్కెర. "టీ తాగా గానీ, తినలా కదా!" అని నా మీదే విసుక్కున్నాడు. కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. టీ కూడా తిండి కిందే లెక్క.

పరగడుపున ఎక్కువ, పగలంతా ఫర్వాలేదు

నేను ఎక్కువసేపు మాట్లాడేది ఈ లక్షణం గురించే, ఎందుకంటే జనం దీనికి చేసుకునే వైద్యం సరిగ్గా ఉల్టాగా ఉంటుంది.

పెన్నాకు వరదొచ్చినప్పుడు సోమశిల డ్యాములో నీళ్లు నింపుకుని, వాన లేని రోజుల్లో కాలువలకు వదులుతారు. లివర్ పనీ అదే. అన్నం తిన్నాక పేగుల్లోంచి వచ్చిన గ్లూకోజ్ ముందు లివర్‌కే చేరుతుంది. అది కొంత పట్టి గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. పెద్దవాళ్ల లివర్‌లో సుమారు 100 గ్రాములు పడుతుంది. కండరాల్లో దీనికి నాలుగు రెట్లు ఉంటుంది గానీ, అది ఎవరి పొలంలో వాళ్లు తవ్వుకున్న కుంట లాంటిది. దాన్ని గ్లూకోజ్ చేసి రక్తంలోకి వదిలే ఎంజైము కండరానికి లేదు. ఊరందరికీ పంచేది లివరే, కొద్దిపాటి సాయం కిడ్నీలది.

సోమశిలకు లేని విద్య ఇంకొకటి లివర్‌కు ఉంది. నిల్వ తగ్గేకొద్దీ గ్లూకోజ్‌ను కొత్తగా తయారుచేస్తుంది. కండరాలు, ఎర్ర రక్తకణాలు వదిలిన ల్యాక్టేట్, కొవ్వు కరిగితే వచ్చే గ్లిజరాల్, మాంసకృత్తుల్లోంచి వచ్చే అమైనో ఆమ్లాలు దీనికి ముడిసరుకు. మాంసం మాత్రమే పెట్టిన కుక్కల లివర్‌లోంచి కూడా చక్కెర వస్తోందని ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ చూపించింది 19వ శతాబ్దం మధ్యలో. గ్లైకోజెన్‌ను వేరుచేసింది కూడా ఆయనే, 1857లో. అంతకుముందు చక్కెర తయారుచేసేది మొక్కలే, జంతువులు ఖర్చు పెట్టేవే అనుకునేవాళ్లు. కౌంటర్ దగ్గర నన్ను నిలదీసేవాళ్లు ఇప్పటికీ ఆ పాత లెక్కలోనే ఉన్నారని నాకు అప్పుడప్పుడూ నవ్వొస్తుంది.

ఎంత వదులుతుంది? మన ఒంట్లో రక్తం అయిదు లీటర్లు, అందులో ఒక సమయానికి ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు. అంటే ఒక చెంచా పంచదార. 60 కిలోల మనిషికి పరగడుపున లివర్ గంటకు 7 గ్రాముల దాకా వదులుతుంది. ఎనిమిది గంటల నిద్రలో అది 50 గ్రాములు దాటుతుంది. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాములు వాడేస్తుంది కాబట్టి ఈ సరఫరా ఆగితే మనం పొద్దున లేవం.

షుగర్ జబ్బులో లివర్ తప్పు గ్లూకోజ్ చెయ్యడం కాదు, ఆపమన్నప్పుడు ఆపకపోవడం. ఆపమని చెప్పేది ఇన్సులిన్, వదలమని చెప్పేది గ్లూకగాన్. రెండూ క్లోమంలోంచే వస్తాయి. ఇన్సులిన్ మాట చెల్లని ఒంట్లో, కాలువ నిండి పొర్లుతున్నా గేటు దగ్గరి లస్కర్ ఫోన్ ఎత్తడు. దానికి తోడు తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి. మనల్ని నిద్ర లేపడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇన్సులిన్ కాస్త ఎక్కువ వచ్చి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటు ఉండదు, అంకె పెరుగుతుంది.

కారణం పట్టుకోవడానికి ఒక పని చెయ్యాలి, కొంచెం కష్టమే. రెండు మూడు రాత్రులు పడుకునే ముందు ఒకసారి, 3 గంటలకు అలారం పెట్టుకుని ఒకసారి, లేవగానే ఒకసారి చూసి కాగితం మీద రాయండి. పడుకునేటప్పుడే ఎక్కువ ఉండి రాత్రంతా అట్లాగే ఉంటే తప్పు రాత్రి భోజనానిది. పది గంటలకు తినడం, తినగానే పడుకోవడం లాంటివి. పడుకునేటప్పుడు, మూడింటికి బాగానే ఉండి పొద్దున పెరిగితే అది లివర్, తెల్లవారుజాము హార్మోన్ల పని. మూడింటికి 70 కంటే తక్కువ కనబడితే మాత్రం కథ వేరు. రాత్రి వేసుకునే మాత్రో ఇన్సులినో ఎక్కువైందేమో. ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. అప్పుడు పొద్దున ఎక్కువ ఉంది కదా అని మోతాదు పెంచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

జనం చేసే ఉల్టా వైద్యం ఏంటంటే రాత్రి భోజనం మానెయ్యడం. మానేసినా లివర్ ఊరుకోదు, దాని పని అది చేస్తుంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకైతే నడిరాత్రి షుగర్ పడిపోతుంది. రాత్రి ఎనిమిదిలోపు తిని, పావుగంట నడవడం నయం. పొట్ట చుట్టూ కొవ్వు తగ్గేకొద్దీ లివర్ ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా పనిచేసేది కూడా ఈ లివర్ తయారీ మీదే. "నేను తీపి తిననే, నాకు మాత్రెందుకు" అనేవాళ్లకు జవాబు అదే.

పరగడుపున బాగుంది, తిన్న రెండు గంటలకు ఎక్కువ

ఇది కంచం దారి. మన వైపు చేపల పులుసు మీద నింద వేస్తారు, పాపం చేపలో పిండిపదార్థం ఏముంది? ముందురోజు పులుసు మర్నాటికి ఊరి రుచి పెరుగుతుంది, పులుసుతో పాటు అన్నం రెండు ముద్దలు కాదు, రెండు గరిటెలు పెరుగుతుంది. ఒక కప్పు అన్నంలో 45 గ్రాముల పిండిపదార్థం. మనం దాన్ని కప్పుతో కొలవం, కంచంతో కొలుస్తాం.

సంగటి తింటే షుగర్ రాదన్నది ఇంకో నమ్మకం. రాగుల్లో పీచు ఎక్కువ, మంచిదే. కానీ నూటికి డెబ్భై పాళ్లు పిండిపదార్థమే. పెద్ద ముద్ద తింటే అన్నంతో సమానం. మెత్తటి పిండితో కాచిన రాగి జావైతే ఇంకా తొందరగా రక్తంలోకి దిగుతుంది. ముందు కూర, గుడ్డో చేపో తిని ఆఖర్న అన్నం తింటే పెరిగే అంకె తగ్గుతుంది. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ కోసం చూడకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. ఇది నేను చాలామంది దగ్గర అంకెల్లో చూశాను.

చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం

షుగర్ 70 కంటే దిగింది. 54 కంటే దిగితే మెదడుకు ఆకలి. మీటర్ చేతిలో లేకపోతే వెతుక్కోవద్దు, పడిందనే అనుకోండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక కాస్త అన్నమో ఇడ్లీయో పెట్టండి. చాక్లెట్ పనికిరాదు, అందులో కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వేసుకునేవాళ్లకు పంచదార తొందరగా పనిచెయ్యదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఎందుకు పడింది? మాత్ర వేసుకుని తినకపోవడం మొదటి కారణం. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడతాయి. వీటితో పడిన షుగర్ ఒకసారి పెరిగి మళ్లీ పడుతుంది కాబట్టి, లేచి కూర్చున్నాడని ఇంటికి తీసుకుపోకుండా ఆస్పత్రిలో ఉంచాలి. అయ్యప్ప మాల వేసి ఒంటిపూట తినేవాళ్లు, రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు, శివరాత్రి జాగారం చేసేవాళ్లు ముందే డాక్టర్‌ను కలిసి మాత్రల వేళలు మార్పించుకోండి.

రెండో కారణం తాగుడు. నా భయమంతా దీని గురించే. ఖాళీ కడుపుతో తాగితే లివర్ ఆల్కహాల్‌ను విరగ్గొట్టే పనిలో పడి గ్లూకోజ్ తయారీ ఆపేస్తుంది. దాచుకున్న గ్లైకోజెన్ ఉన్నంతసేపు నడుస్తుంది. అది అయిపోయాక, అంటే తెల్లవారుజామున, మనిషి చెమటలు పట్టి అడ్డదిడ్డంగా మాట్లాడతాడు. నోరు వాసన కొడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు "తాగింది దిగలేదు, పడుకోనీ" అని దుప్పటి కప్పుతారు. అక్కడే ఒక చుక్క రక్తం చూస్తే సరిపోయేది. ఇట్లాంటప్పుడు గ్లూకగాన్ ఇంజెక్షన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. అది లివర్‌లో నిల్వ ఉంటేనే వదిలించగలదు.

మూడోది కిడ్నీ. ఏళ్లుగా 200 చుట్టూ ఉండే అంకె, అవే మాత్రలతో, తిండి మారకుండానే 90కి వస్తే సంబరపడి స్వీట్లు పంచిన పెద్దాయన్ని చూశాను. ఇన్సులిన్‌ను, ఆ మాత్రల్లో కొన్నింటిని ఒంట్లోంచి బయటికి పంపే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతింటే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచిపోతుంది. కిడ్నీలు చేసే గ్లూకోజ్ వాటా కూడా తగ్గుతుంది. కారణం లేకుండా షుగర్ తగ్గుతూ పోతుంటే కిడ్నీల పని ఎట్టా ఉందో చెప్పే క్రియాటినిన్ టెస్టు చేయించుకోండి.

బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని పట్టుకోండి.

జ్వరం, దెబ్బ, ఆపరేషన్, స్టెరాయిడ్

తిండి తగ్గినా అంకె పెరుగుతుంది. ఒంటికి కష్టం వచ్చిందని హార్మోన్లు లివర్‌ను తరుముతాయి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ మానెయ్యకూడదు. వాంతులు, ఆయాసం, నోట్లో పండిన పండు లాంటి వాసన ఉంటే ఇంట్లో ఆగొద్దు, ఆస్పత్రికి పొండి. మోకాళ్ల నొప్పులకనీ ఆయాసానికనీ పొద్దున స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది, పరగడుపున బాగానే కనబడుతుంది. పరగడుపు ఒక్కటే చూపించుకుంటే దొరకదు.

రోజూ చూసే అంకెలకూ మూడు నెలల టెస్టుకూ పొంతన లేకపోతే

మూడు నెలల టెస్టు (రిపోర్టులో HbA1c అని ఉంటుంది) చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న గ్లూకోజ్‌ను. ఐరన్ తక్కువైన రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం పోయినా, కణాలు తొందరగా చితికిపోతున్నా, రక్తం ఎక్కించుకున్నా తక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ రిపోర్టు, ఇంట్లో రాసుకున్న కాగితం రెండూ పక్కన పెట్టి డాక్టర్ గారికి చూపించండి.