యార్క్‌షైర్ డేల్స్‌లో సైకిల్ రూటు: గాలిని చూసి గీసుకోండి

ఉత్తర ఇంగ్లండ్‌లో కొండలూ లోయలూ (డేల్ అంటే లోయ) ఉన్న యార్క్‌షైర్ డేల్స్‌లో రోడ్ బైక్ తొక్కుదామనుకునేవాళ్ళు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్ల రూటు అని. అది తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సింది గాలి ఎటు నుంచి వీస్తోంది, మనం ఎక్కడ మొదలుపెడుతున్నాం అన్నది. ఈ రెండూ కుదిరితే 70 కిలోమీటర్లు హాయిగా తొక్కేయొచ్చు, కుదరకపోతే అదే రూటులో చివరి 25 కిలోమీటర్లు తల వంచుకుని, ఎదురుగాలిని తిట్టుకుంటూ లాగాలి.

అక్కడి నేల తీరు అలాంటిది. వెన్స్‌లీడేల్, స్వేల్‌డేల్ అనే రెండు లోయలు పక్కపక్కనే దాదాపు పడమర నుంచి తూర్పుకి సాగుతాయి, మొదటిదాంట్లో యూర్ నది, రెండోదాంట్లో స్వేల్ నది. మధ్యలో మూర్, అంటే చెట్టన్నది కనపడని, హీథర్ పొదలూ గడ్డీ బురదనేలా పరుచుకున్న మిట్ట. ఒక లోయ నుంచి ఇంకో లోయకి వెళ్ళాలంటే ఆ మిట్ట ఎక్కి దిగాల్సిందే. కాబట్టి చుట్టు రూటు ఎలా గీసినా ఒక లోయ పొడుగునా వెళ్ళి, మూర్ దాటి, రెండో లోయ వెంట తిరిగొచ్చి, మళ్ళీ మూర్ దాటడమే. బ్రిటన్‌లో ఎక్కువ రోజులు గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. అంటే ఒక లోయలో ఎదురుగాలి రాసిపెట్టి ఉన్నట్టే, దాన్ని కాళ్ళలో సత్తువ ఉన్న పొద్దుటిపూటకి నెట్టేయడమే మన చేతిలో ఉన్న పని.

చాలామంది పడమటి కొసనున్న హాజ్ ఊళ్ళో కారు ఆపుకుని అక్కడి నుంచే బయల్దేరతారు. ఊరు బాగుంటుంది, కాదనను, కానీ పడమటి గాలి రోజున అక్కడి నుంచి ఎటు తిరిగినా తిరుగు ప్రయాణంలో ఎదురుగాలే. నన్నడిగితే తూర్పు కొసన లేబర్న్‌లో మొదలుపెట్టండి. వెన్స్‌లీ దాకా వచ్చి ఏ684 రోడ్డు వదిలేసి, నదికి ఉత్తరపు ఒడ్డున రెడ్‌మైర్, కార్పర్బీ, ఆస్క్‌రిగ్ ఊళ్ళ మీదుగా హార్‌డ్రా చేరండి. లారీలూ కార్ల రద్దీ చాలావరకు అవతలి ఒడ్డున ఏ684 మీదే ఉంటుంది. ఈ డేల్స్‌లో చాలాచోట్ల నదికి రెండు పక్కలా రోడ్లుంటాయి, మ్యాపులో రెండోది వెతుక్కుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. దారిలో బోల్టన్ కోట కనిపిస్తుంది, 1568లో స్కాట్లాండ్ రాణి మేరీని బంధించి పెట్టింది అక్కడే.

నది పక్కన రోడ్డు కదా, చదునుగా ఉంటుందిలే అనుకోకండి. పక్క కొండల నుంచి దిగే చిన్నచిన్న వాగులు దాన్ని అడుగడుగునా కోస్తుంటాయి, ప్రతి వాగు దగ్గరా రోడ్డు కిందికి దిగి, ఇరుకు రాతి వంతెన దాటి, వెంటనే పైకి లేస్తుంది. దిగేటప్పుడే గేరు తగ్గించుకోకపోతే వంతెన దాటగానే చైన్ మీద బరువంతా పడి కరకరమంటుంది.

హార్‌డ్రా దాటాక బటర్‌టబ్స్ ఎక్కుడు మొదలవుతుంది. 2014 టూర్ ద ఫ్రాన్స్ తొలి రోజు పందెం ఈ దారినే వెళ్ళింది, అప్పుడు ఈ ఎక్కుడుకి ఇచ్చిన లెక్క 4.5 కిలోమీటర్లు, సగటు 6.8 శాతం. ఆ సగటుని నమ్మి చిన్న గేరు లేకుండా రాకండి. మధ్యలో కాస్త తేలికైన చోట్లున్నాయి, ఆ మేరకు మిగతా చోట్ల రోడ్డు నిటారుగా ముఖం మీదికి వస్తుంది. ముందు పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్ద పళ్ళచక్రానికి 32 లేదా 34 ఉంటే మామూలుగా తొక్కేవాళ్ళు దిగకుండా ఎక్కేయొచ్చు. బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డినెన్స్ సర్వే వేసే మ్యాపులో ఇలాంటి చోట్ల రోడ్డు మీద బాణపు మొనలు గీసి ఉంటాయి: ఒక్క మొన ఉంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండుంటే అంతకంటే నిటారు. నేను ఫోన్ యాప్ ఇచ్చే మొత్తం ఎక్కుడు అంకె కంటే ఈ మొనల్నే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే యాప్ వెయ్యి మీటర్లని ఒక్క ముద్దగా చెబుతుంది, ఏ 300 మీటర్ల రోడ్డు ప్రాణం తీస్తుందో చెప్పదు.

పైన ఎత్తు 526 మీటర్లు. రోడ్డు పక్కనే సున్నపురాయిలో లోతైన గోతులుంటాయి, హాజ్ సంతకి వెళ్ళే రైతులు వెన్న కరగకుండా వాటిలో దించి పెట్టేవాళ్ళని, అందుకే ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. ఫోటోలు తర్వాత, ముందు జాకెట్ వేసుకోండి. చెమటతో తడిసిన బనియన్ మీద మూర్ గాలి తగిలితే ఎండాకాలంలోనైనా వణుకొస్తుంది, చేతివేళ్ళు మొద్దుబారితే బ్రేకు పట్టు దొరకదు. జాకెట్ కోసం సగం దిగుడులో ఆగడం కంటే ఇక్కడే ఆగడం మేలు.

దిగేటప్పుడు జాగ్రత్త పడాల్సింది రెండింటితో. ఒకటి గొర్రెలు. మూర్ మీద కంచె ఉండదు, రోడ్డూ వాటిదే. ఏప్రిల్, మే నెలల్లో తల్లి గొర్రె ఒక పక్కన మేస్తూ పిల్ల ఇంకో పక్కన ఉంటే, మిమ్మల్ని చూసి బెదిరిన పిల్ల తల్లి దగ్గరికి పరుగెడుతుంది, సరిగ్గా మీ చక్రం ముందు నుంచి. తల్లి కనిపిస్తే పిల్ల ఎటుందో చూసే దాకా వేగం తగ్గించండి. రెండోది కాటిల్ గ్రిడ్, గొర్రెలు దాటిపోకుండా రోడ్డుకి అడ్డంగా గొయ్యి తీసి దాని మీద పరిచిన ఇనుప కమ్మీలు. దాన్ని ఎప్పుడూ ఏటవాలుగా కాకుండా తిన్నగానే దాటాలి. వేగం ముందే తగ్గించుకుని, కమ్మీల మీదికి వచ్చాక బ్రేకు వదిలేసి, పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, సీటు మీంచి కొంచెం లేచి, హ్యాండిల్ తిప్పకుండా పోనివ్వండి. వానలో ఆ కమ్మీలు సబ్బులా జారతాయి, వాటి మీద హ్యాండిల్ తిప్పినా బ్రేకు వేసినా పడ్డట్టే.

థ్వేట్‌లో దిగాక ఇక బీ6270 రోడ్డు, మ్యూకర్, గన్నర్‌సైడ్, రీత్. ఈ రూటులో అసలు సుఖం ఇక్కడే, వెనకగాలి, పక్కన నది, రాతి గోడల మధ్య పచ్చిక మడులు, మడికొక రాతి కొట్టం. గోడల వల్ల మలుపు అవతల ఏముందో కనపడదు, ట్రాక్టర్ ఉందనే అనుకుని ఎడమ పక్కనే ఉండండి. రీత్‌లో ఏదైనా తిని బాటిళ్ళు నింపుకోండి, తర్వాత గ్రింటన్ వంతెన దాటగానే ఆఖరి ఎక్కుడు, 2014 పందెం లెక్కలో 3 కిలోమీటర్లు, 6.6 శాతం. మూర్ దాటితే లేబర్న్‌కి దిగుడే.

వాన సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2019 జూలై 30న పడ్డ కుంభవృష్టికి గ్రింటన్ మూర్ రోడ్డులో ఒక వంతెన కొట్టుకుపోయింది. ఆ సెప్టెంబర్‌లో ప్రపంచ సైక్లింగ్ చాంపియన్‌షిప్ మగవాళ్ళ పందెంలో, వాన దెబ్బకి బటర్‌టబ్స్, గ్రింటన్ రెండిటినీ తీసేసి దూరం తగ్గించారు. వాళ్ళే మానుకున్నప్పుడు మనమెంత, మబ్బు మూర్ మీదికి దిగిందంటే లోయలోనే ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ తిరిగి వచ్చేయండి. పైన చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోండి, రెండు ట్యూబులు, పంపు, ముందో తెల్ల లైటు, వెనకో ఎర్ర లైటు ఉండాలి. టైర్లు 28 మిల్లీమీటర్లకి తక్కువ వద్దు.

ఇంకా కావాలనిపిస్తే రీత్ నుంచి ఆర్కెన్‌గార్త్‌డేల్ మీదుగా టాన్ హిల్ ఉంది, 528 మీటర్ల ఎత్తులో బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్బు అక్కడే. హాజ్‌కి దక్షిణంగా ఫ్లీట్ మాస్ దారి 589 మీటర్ల దాకా ఎక్కుతుంది. వీటిని ఇదే రోజులో ఇరికించకండి, వేరే రోజు పెట్టుకోండి. వారాంతాల్లో బటర్‌టబ్స్ మీద మోటార్ సైకిళ్ళ మోత ఎక్కువ, వీలైతే మామూలు రోజున రండి. మంగళవారం మాత్రం హాజ్‌లో సంత.

గాలి తూర్పు నుంచి ఉందని వాతావరణ సూచన చెబితే మొత్తం తిరగేయండి: హాజ్‌లో మొదలుపెట్టి, వెన్స్‌లీడేల్ వెంట ఎదురుగాలిలో తూర్పుకి, గ్రింటన్ మూర్ దాటి, స్వేల్‌డేల్‌లో వెనకగాలితో పడమరకి, ఆఖరున థ్వేట్ వైపు నుంచి బటర్‌టబ్స్. రైల్లో వచ్చేవాళ్ళకి దగ్గరి స్టేషన్ గార్స్‌డేల్, హాజ్‌కి పడమరగా 10 కిలోమీటర్ల దూరం, అదీ ఏ684 మీద, తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కుడే ఎక్కువ. రైలు టైముకి గంట ముందే హాజ్ నుంచి కదలండి.