గోదారి దారుల్లో కుటుంబ భోజనం: పేచీ ఎక్కడొస్తుంది, ఎలా తీర్చాలి

రాజమండ్రి దాటి కిందికి దిగితే అటు కాకినాడ దాకా, ఇటు భీమవరం దాకా తిండికి లోటుండదు. అయినా ఇంటిల్లిపాదీ బండెక్కితే గొడవ మొదలయ్యేది తిండి దగ్గరే. రుచులు కలవక అనుకుంటాం గానీ, చాలాసార్లు తగువు రుచిది కాదు. తినకూడని వాళ్ళనీ తినబుద్ధి కాని వాళ్ళనీ ఒకే గాటన కట్టెయ్యడం ఒక కారణం, వేళ దాటిపోవడం ఇంకో కారణం. కింద ఇచ్చినవాటిలో ముఖ్యమైనవి ఈ రెండింట్లోకే వస్తాయి.

సమస్య: ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వద్దంటున్నారు

కారణం: "ఏం తింటారు?" అని అందర్నీ అడగడం. ఏడుగురుంటే ఏడు జవాబులొస్తాయి, అందులో గట్టిగా అరిచినవాళ్ళదే నెగ్గుతుంది. చివర్లో మామ్మగారు "నాకు ఆకలి లేదర్రా, మీరు కానివ్వండి" అంటారు. ఆవిడకి ఆకలి లేక కాదు, నీసు వండే చోట ఆవిడ తినరు.

పరిష్కారం: ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే "ఎవరికి ఏది కుదరదు?" అని అడగండి. నీసు వండిన గిన్నెలు తగలకూడని పెద్దావిడ, శనివారం ఒంటిపూట ఉండే పెదనాన్నగారు, మాల వేసుకున్న తమ్ముడు, వేళకి తినకపోతే కళ్ళు తిరిగే షుగర్ మనిషి, వీళ్ళ లెక్క ముందు తేలాలి. కార్తీక మాసమైతే ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. బిర్యానీ కావాలా చేపల పులుసు కావాలా అన్నది ఆ తర్వాతి మాట.

జాతీయ రహదారి మీద రాజమండ్రి, రావులపాలెం, తణుకు వరసలో కనిపించే ఫ్యామిలీ రెస్టారెంట్లలో ఎక్కువ భాగం రెండూ వండేవే. అక్కడ "వెజ్ ఉందా?" అని అడిగితే "ఉందండి" అనే అంటారు. అందులో అబద్ధమేమీ లేదు, మీరడిగిందే సరిగ్గా లేదు. అందరూ దిగకముందే ఒక్కరు కౌంటర్ దగ్గరికెళ్ళి, "వెజ్ వంట వేరే పొయ్యి మీదాండి? గరిటెలు, నూనె మూకుడు వేరేనా?" అని అడగాలి. "వంటగది ఒకటేనండి, గిన్నెలు వేరు" అన్నారనుకోండి, అదే మాట మామ్మగారికి చెప్పి నిర్ణయం ఆవిడకే వదిలెయ్యండి. "ఏం కాదులే మామ్మా" అని నచ్చజెప్పి కూర్చోబెడితే ఆవిడ మజ్జిగ తాగి లేచిపోతారు, ఆ తర్వాత కారులో ఎవరికీ మాట పెగలదు.

అన్నిటికన్నా బాగా పనిచేసేది పూటల ఒప్పందం. మధ్యాహ్నం పెద్దవాళ్ళది, రాత్రి మిగతావాళ్ళది. గుళ్ళు చూసుకుంటూ వెళ్తుంటే ఇది ఇంకా తేలిక. అయినవిల్లిలోనో అప్పనపల్లిలోనో మధ్యాహ్నం అన్నదానం పంక్తిలో కూర్చుంటే ఏ హోటల్లోనూ తినని మామ్మగారు కూడా ప్రసాదమని కళ్ళకద్దుకుని తింటారు. కాకినాడ వైపైతే సుబ్బయ్య హోటల్ శాకాహార భోజనం ఉండనే ఉంది. చేపలూ రొయ్యలూ కావాలన్న బావగారికి రాత్రికి భీమవరంలోనో యానాంలోనో తీరుతుంది. ఈ ఒప్పందం పొద్దున్నే అందరూ వినేలా చెప్పాలి. ఆకలేశాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

శనివారం రాత్రి అన్నం ముట్టని వాళ్ళుంటే భోజన హోటల్ వెతకొద్దు. పెసరట్టు ఉప్మా, ఇడ్లీ దొరికే టిఫిన్ హోటల్ చూడండి. ఇక్కడ సాయంత్రం టిఫిన్ లేని ఊరుండదు.

సమస్య: హోటల్ దొరికింది, మీల్స్ అయిపోయాయన్నారు

కారణం: చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం వంట ఒక్క దఫానే. రెండు దాటితే కూరలు అడుగంటుతాయి, మూడింటికి బల్లలు కడిగేస్తుంటారు.

రెండో కారణం మ్యాపు. అంతర్వేదిలో నిలబడి దగ్గర్లో హోటళ్ళు వెతికితే నరసాపురం చాలా దగ్గరగా కనిపిస్తుంది. మధ్యలో వశిష్ఠ గోదావరి ఉందన్న సంగతి ఆకలి మీద ఎవరికీ తట్టదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పడవ) ఎక్కాలి, లేదా దిండి మీదుగా చించినాడ వంతెనకి చుట్టు తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరాలదీ ఇదే కథ. గౌతమికి ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి. పంటు లేకపోతే యానాం, ఎదుర్లంక వంతెన లాంటి దూరపు చుట్టే గతి. వరదల్లో పంట్లు ఆపేస్తారు కూడా.

పరిష్కారం: పదకొండింటికల్లా భోజనం ఊరు తేల్చుకోండి. అది మీరున్న గట్టునే ఉండాలి. లోపలి ఊళ్ళలోకి వెళ్తుంటే అమలాపురం, రాజోలు లాంటి పట్నం దాటకముందే తినెయ్యండి, పన్నెండున్నరైనా సరే. శనివారాలు వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు వారాల మొక్కులవాళ్ళు వేలల్లో వస్తారు. ఆ రోజు రావులపాలెం పరిసరాల్లో మామూలు లెక్క పనికిరాదు, గంట ముందుకి జరుపుకోండి.

ఉదయం అంబాజీపేట మీదుగా వెళ్తుంటే పొట్టిక్కలు కట్టించుకోండి. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీ పిండే కాబట్టి పిల్లల నుంచి పెద్దల వరకు పేచీ రాదు. చట్నీలో ఉల్లి వేశారేమో మాత్రం అడగండి.

సమస్య: పులస తిన్నాం, బిల్లు చూసి గుండె జారింది

కారణం: ధర అడక్కపోవడం, కాలం చూడకపోవడం. వరద నీరు తగిలాక సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే ఇలస (హిల్సా) చేపే పులస. అది దొరికేది సుమారు జులై నుంచి సెప్టెంబరు దాకా. మాఘ మాసంలో బోర్డు మీద పులస కనిపిస్తే అది నిలవ ఉంచిందో, వేరే చోటి ఇలసో అయ్యుంటుంది.

పరిష్కారం: ముక్క లెక్కనా, ప్లేటు లెక్కనా, ఎంత, అని ముందే అడగండి. మన ప్రాంతంలో ఇది అడగడానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు. అందరికీ ఆర్డరివ్వకుండా కావాలన్న వాళ్ళకే తెప్పించండి. పులసకి ముళ్ళు సన్నం, ఎక్కువ. పిల్లలకు కొరమీనో పండుగప్పో నయం. పులస పులుసు మర్నాటికే రుచి అంటారు కాబట్టి మిగిలితే పార్సిల్ కట్టించుకోవచ్చు.

సమస్య: పిల్లలు ఏమీ తినలేదు

కారణం తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, రాజమండ్రి రోజ్ మిల్క్. అవి భోజనానికి ముందు బండిలో విప్పకండి. మీల్స్‌లో ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు వస్తాయి. నూడుల్స్ కోసం ఊరు వెతకక్కర్లేదు.

సమస్య: పేరు చూసి ఆగాం, తిండి బాగోలేదు

కారణం: "రాజుగారి", "గోదావరి", "కోనసీమ" అన్న పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు. లోకల్ బండ్లు ఆగి ఉంటే మంచి హోటలన్న పాత కిటుకు ఇప్పుడు నడవదు. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతా కొత్త బండ్ల రిజిస్ట్రేషన్‌కి ఒకే సిరీసు వచ్చాక, వాటి నంబరు చూసి జిల్లా చెప్పలేం.

పరిష్కారం: మధ్యాహ్నం ఇంటి నుంచి స్టీలు క్యారియర్ పట్టుకుని పార్సిల్‌కి వచ్చేవాళ్ళున్నారేమో చూడండి. ఆ ఊరివాళ్ళు రోజూ డబ్బులిచ్చి తీసుకెళ్తున్నారంటే ఏ రేటింగూ అక్కర్లేదు.

సమస్య: సంక్రాంతికి వచ్చాం, ఏ హోటల్ చూసినా నిండిపోయింది, లేదా మూసేశారు

కారణం: వంటవాళ్ళకీ పండగే. తెరిచిన చోట కోడిపందేలకి వచ్చిన జనం. కనుమ నాడు కాకి కూడా కదలదని ఊరికే అనలేదు. ఆ రోజు తెరిచిన హోటళ్ళలో చాలావాటిలో మాంసమే ప్రధానం.

పరిష్కారం: ముందు రోజే ఫోన్ చేసి తెరుస్తారో లేదో కనుక్కోండి, బల్ల ఉంచమని చెప్పండి. మామ్మగారికి మాత్రం పులిహోర, పెరుగన్నం డబ్బాలు ఇంటి దగ్గరే కట్టి బండిలో పెట్టండి.