కోనసీమ నేపథ్యంలో గూఢచారి నవల రాయడం ఎలా?

అంతర్జాతీయ ఉగ్రవాదం మీద నవల అనగానే చాలామంది విదేశీ విమానాశ్రయం దగ్గర మొదలుపెడతారు. గోదావరి డెల్టాలో రాసేవారికి ఆ అవసరం లేదు. సముద్రంలో గ్యాస్ బావులు, కాకినాడ రేవు, కోరంగి మడ అడవులు, గల్ఫ్ నుంచి ఊళ్లకు వచ్చే డబ్బు అన్నీ ఇక్కడే ఉన్నాయి.

ముందుగా, స్థానికులు మాత్రమే పసిగట్టగల ఆధారం ఒకటి వెతకండి. నవలకు ప్రాణం అదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. బోట్లన్నీ రేవులో కట్టేసి ఉండాల్సిన ఆ రోజుల్లో ఒక బోటుకు డీజిల్ పోసినట్టు బంకు ఖాతాలో కనిపిస్తే? ఆ లెక్క రాసే గుమస్తా మాట ఢిల్లీ అధికారి వినక తప్పని పరిస్థితి కల్పించండి.

తరవాత కథకు వేళలు వేసుకోండి. సముద్రపు నీరు ఎక్కే పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. రాత్రి పదింటి పోటులో మడ అడవి పాయలోకి దూరిన పడవ తెల్లవారుజామున నాలుగింటిలోగా బయటపడకపోతే బురదలో చిక్కుతుంది. ఇంతకంటే మంచి ఉత్కంఠ ఏ తుపాకీ ఇస్తుంది? పంచాంగం పక్కన పెట్టుకుని అధ్యాయాలకు తేదీలు వేయండి.

అధికారాల విషయంలో తప్పు రాయకండి. 1968లో ఏర్పడిన 'రా' విదేశీ గూఢచర్యం చూస్తుంది. దేశంలోపల సమాచారం సేకరించే ఐబీకి అరెస్టు చేసే అధికారం లేదు. ఉగ్రవాద కేసులు దర్యాప్తు చేసే ఎన్ఐఏ పుట్టింది 2008 ముంబై దాడి తరవాతే. ఎదుర్లంక నుంచి వంతెన దాటి యానాం చేరితే పోలీసులు పుదుచ్చేరి వారు. వెంటాడే సన్నివేశానికి ఆ సరిహద్దు ఒక వరం.

ప్రతినాయకుణ్ని ఒక మతానికో కులానికో ప్రతినిధిగా నిలబెట్టకండి. అతనికి డబ్బిచ్చేదెవరు, అతను భయపడేదెవరికి అన్నవి తేల్చుకోండి. బాంబు తయారీ వివరాలు అక్కర్లేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఎందరో చనిపోయారు. అది ప్రమాదమే అయినా, ఇక్కడి పాఠకులు మంటను కళ్లారా చూసినవారు. పేలుడుకు ఒక పేరా చాలు, బతికి మిగిలిన ఇంటివాళ్లకు ఒక అధ్యాయం ఇవ్వండి.

చివరగా, రాతప్రతిని బోటు నడిపే సరంగుకు చదివి వినిపించండి. ఆయన అడ్డుపడిన పేజీలన్నీ తిరగరాయండి.