మిడి ఫైల్‌తో ట్రాక్ చేస్తున్నరా? 10వ ఛానల్ జర పైలం
మిర్యాలగూడ దిక్కు పెండ్లిళ్లల్ల పాడేటోళ్లకు, పాట ఎనుక మోగే సంగీతం (ట్రాక్) చేసుకునుడు మీద ఒక ముచ్చట. మిడి ఫైల్ (ఏ స్వరం ఎప్పుడు మోగాల్నో రాసుండే కంప్యూటర్ ఫైల్) దొరికిందని ఉన్నదున్నట్టు మోగించకుండ్రి, రేకు డబ్బా కొట్టినట్టుంటది. బ్యాండ్ ఇన్ ఏ బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ల పెడితే అందులకెళ్లి కార్డ్స్ (ఒక్కసారే కలిపి మోగే స్వరాలు) తీస్తది, మీకు నచ్చిన స్టైల్‌ల వాయిస్తది. కానీ నమ్మి కూసోవద్దు. మన బతుకమ్మ పాటల్ల ఒక్క వరుసే నడుస్తది, కింద కార్డ్ ఉండదు. అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ మైనర్ కార్డ్‌ను మేజర్ అనుకోవచ్చు. కీబోర్డ్ మీద సరిచూసుకోండ్రి.

నేను బొక్కబోర్లా పడ్డది ఇంకో తాన. అక్క గొంతుకని శ్రుతి రెండు స్వరస్థానాలు దించిన, 10వ ఛానల్‌తో సహా. అది డ్రమ్స్‌ది! అక్కడ స్వరం నంబర్ ఒక్కోటి ఒక్కో డ్రమ్: 38 అంటే స్నేర్, 36 అంటే బాస్ డ్రమ్. స్నేర్ పడాల్సిన ప్రతి చోట దబ్బుమని బాస్ డ్రమ్ మోగింది. ఆ ఛానల్ వదిలేసి మిగతావే దించుండ్రి. మీరు పాడే వరుసను వాయించే మెలొడీ ఛానల్ మ్యూట్ చేసుడు మర్చిపోకుండ్రి.