పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నప్పుడు

పిల్లల బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలుంటాయి. ప్రెస్సులో పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరిస్తే పదహారు పేజీల ఫారం వస్తుంది, అలాంటివి రెండు కలిస్తే పుస్తకమవుతుంది. టైటిల్, ప్రచురణ వివరాల వంటి పేజీలు పోగా మిగిలిన వాటిలోనే కథంతా ఇమడాలి కాబట్టి, కథ చేతికి రాగానే రంగులు తీయకుండా దానిని రెండు మూడుసార్లు చదివి, ఏ వాక్యం దగ్గర పేజీ తిప్పాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. బావిలో ఏముందోనని పిల్లవాడు తొంగిచూసే బొమ్మ కుడి పేజీలో ఉంటే, బావిలో ఉన్నది పేజీ తిప్పాకే కనిపించాలి.

తరువాత ఒకే కాగితం మీద 32 చిన్న గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో గోరంత బొమ్మ వేయండి. నా దృష్టిలో పుస్తకానికి అసలైన పని ఇదే. వరసగా నాలుగు పేజీల్లో మనుషులు ఒకే దూరంలో, ఒకే ఎత్తులో నిలబడి ఉంటే ఆ లోపం ఇక్కడ ఒక్క చూపులోనే తెలిసిపోతుంది. రంగులు వేశాక తెలిస్తే వారం రోజుల శ్రమ వృథా అవుతుంది. అక్షరాలకు వదిలే చోటు కూడా ఈ దశలోనే తేలాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. అందుకని ఆకాశంలోనో, గోడ మీదనో మీరు సరిపోతుందనుకున్న దానికన్నా కొంచెం ఎక్కువే వదలండి. అక్షరాలను మాత్రం బొమ్మలో కలిపి గీయకండి, అవి కంప్యూటరు ఫైలులో విడి పొరలో (లేయర్‌లో) ఉంటేనే అదే పుస్తకం రేపు మరో భాషలో వచ్చేటప్పుడు బొమ్మ చెడకుండా ఉంటుంది.

పల్లె బొమ్మ వేసేటప్పుడు జ్ఞాపకాన్ని నమ్మి గీయడం మంచిది కాదు. తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది, ఈత మట్టకు ఆకులు ఈకల్లా రెండు వైపులా ఉంటాయి. ఈ రెంటినీ కలిపేసిన బొమ్మను ఊరి పిల్లవాడు వెంటనే పట్టేస్తాడు. కాడి ఎద్దు మెడ మీద ఎక్కడ ఆనుతుందో, రోకలి పట్టుకున్నప్పుడు చేతులు ఎలా ఉంటాయో వెళ్లి చూసి గీసుకున్న నోటుపుస్తకం ఏళ్ల తరబడి పనికొస్తుంది.

అచ్చుకు పంపే ఫైలు అసలు కొలతలో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలి. నిలువు ఏ4 పేజీకి అది 2480 × 3508 పిక్సెళ్లు. కత్తిరింపు కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయండి. రెండు పేజీల మీదుగా సాగే బొమ్మలో ముఖాలు నడిమి కుట్టులో పడకూడదు.

వీటన్నిటికన్నా ముందే ఒప్పందం కాగితం మీద ఉండాలి. నా బొమ్మలను ఒక ప్రచురణకర్త నాకు చెప్పకుండా క్యాలెండరుకు వాడుకున్నప్పుడు అడగడానికి నా దగ్గర ఒక్క కాగితమూ లేకపోయింది; ఆ బాధ మరొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను. సొమ్మిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారినే తొలి హక్కుదారుగా 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చూస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తారు. కాబట్టి ఏ పుస్తకానికి, ఏ భాషల్లో, ఎన్నేళ్లు, ముఖచిత్రాన్ని వేరేచోట వాడితే ఎంత అనేవి ఒక్కొక్కటిగా రాయించుకోండి. రఫ్ బొమ్మలు ఒప్పుకున్నాక ఎన్నిసార్లు ఉచితంగా మారుస్తారో కూడా రాయాలి. మూడో వంతు అడ్వాన్సు, రఫ్‌లు ఒప్పుకున్నప్పుడు మరో వంతు, ఫైళ్లు అందజేసేటప్పుడు మిగిలింది అడగడం నా పద్ధతి.

పొరలతో ఉన్న మూలఫైళ్లను తేదీ వేసి రెండు చోట్ల దాచండి. పునర్ముద్రణ కోసం ఫోను ఎన్నో ఏళ్ల తరువాత కూడా రావచ్చు. ఆ రోజు పాత ఒప్పందమూ, ఫైలూ రెండూ ఒకే పెట్టెలో దొరకాలి.