సమతుల జీవనానికి మొదటి మెట్టు నిద్ర

హైదరాబాదులో ఆరోగ్యంగా, సంతోషంగా బతకాలనుకునేవారిలో చాలామంది తెల్లవారుజామున నడవాలన్న నిర్ణయంతో మొదలుపెట్టి, పది రోజులైనా తిరగకముందే దాన్ని వదిలేస్తారు. రాత్రి ఒంటిగంటకు పడుకున్న మనిషి ఐదింటికే లేచి కేబీఆర్ పార్కుకు పరుగెత్తడం శరీరాన్ని శిక్షించడమే అవుతుంది. కాబట్టి ముందుగా నిద్రను చక్కదిద్దుకోవాలి. పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర అవసరం కనుక, లేవాల్సిన వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టి పడుకునే వేళను నిర్ణయించుకోవాలి. సెలవు రోజైనా లేచే వేళ పెద్దగా మారకూడదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రాత్రి షిఫ్టు చేసేవారు పగటిపూట మందపాటి పరదాలు వేసుకుని ఆ ఏడు గంటలనూ కాపాడుకోవాలి.

నాకు దారి చూపింది ఫోను ఛార్జరు. దాన్ని మంచం పక్కనుంచి తీసి వంటగదిలో మిక్సీ పక్క ప్లగ్గుకు మార్చి, నిద్ర లేవడానికి చిన్న అలారం గడియారం కొన్నాను. కొన్ని రాత్రులు చెయ్యి అలవాటుగా దిండు కిందికి వెళ్లి వట్టిగా తిరిగి వచ్చేది. ఆ తరువాత వెతకడం మానేసింది.

నిద్ర కుదిరాక నడక కష్టమనిపించదు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే అందులో కనీస భాగం పూర్తవుతుంది. మెట్రోలో వెళ్లేవారు ఒక స్టేషను ముందే దిగి నడిచినా అది లెక్కలోకి వస్తుంది.

తిండి విషయంలో మన కంచాన్నే పరిశీలించుకోవాలి. రోజుకు 2,000 కిలోకేలరీల ఆహారంలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలు చెబుతుండగా, మన ఇళ్లలో అన్నం కుప్పగానూ కూర దాని అంచున నంజుకునేంతగానూ ఉంటోంది. రైతుబజారు నుంచి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి, అన్నం తగ్గించి కూర పెంచుకోవాలి.

డబ్బు గురించి ఒక్క మాట: కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండే వరకు కొత్త ఈఎంఐ జోలికి వెళ్లకపోవడం మంచిది.

వీటన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ మనుషుల మీద పెట్టాలని నా అభిప్రాయం. దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అంత దూరం రాకముందే, పనేమీ లేకుండా అయినవాళ్లకు ఫోను చేసే అలవాటు చేసుకోవాలి. అవసరం పడితేనే ఫోను చేసే రోజుల్లో మా అమ్మ మొదటి మాటగా "ఏమైంది బిడ్డా?" అని కంగారుగా అడిగేది. ప్రతి ఆదివారం సాయంత్రం మాట్లాడటం మొదలుపెట్టాక, ఇప్పుడు పెరట్లో బీరపాదు ఎంత పాకిందో చెప్పడంతో మొదలుపెడుతోంది.